చక్రం విరిగిన చోట

సాయంత్రం హీత్రోలో విమానమెక్కినవారు మరునాటికి హైదరాబాదులో దిగుతున్న రోజులివి. కింద ఏ దేశం దాటిపోయిందో, ఏ పర్వతం వెనకబడిందో కిటికీ తెర ఎత్తి చూసేవారు కూడా మనలో తక్కువే. ఇదే భూమిని నేల మీద, నాలుగు చక్రాల బండిలో, అడుగడుగునా దెబ్బలు తింటూ ఖండం నుండి ఖండానికి దాటినవారున్నారు. బ్రిటన్ లో స్థిరపడిన మన పాఠకులకు వారి పేర్లు కొన్ని వినబడే ఉంటాయి. ఆ చరిత్రలో మాకు నచ్చిన ఘట్టాలు కొన్ని ఈ సంచికలో ముచ్చటించదలచాము.

ఒక మాట ముందే మనవి చేస్తాము. ఈ యాత్రల పుస్తకాలలో బండి నడిపినవారి పేర్లు అట్ట మీదనే ఉంటాయి. చదువుతున్నకొద్దీ మా దృష్టి మాత్రం వేరే వైపు మళ్ళింది. బండి ఆగిపోయిన చోట ఎవరు వచ్చారు? చేతిలో ఏ పనిముట్టు ఉంటే దానితో ఏమి చేసి దానిని మళ్ళీ కదిలించారు? ఖండాలు దాటించినది ఇంజను బలమా, దారి పొడవునా ఉన్న వడ్రంగి, కమ్మరి, కూలివాని బలమా అని ప్రశ్న వేసుకుంటే, రెండవదే ఎక్కువని మా అభిప్రాయం. అది ఎందుకో చెప్పాలంటే 1907 నుండి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది జనవరి 31న పారిస్ నగరంలోని 'లె మతాఁ' పత్రిక ఒక సవాలు ప్రకటించింది. పెకింగు నుండి పారిస్ దాకా మోటారు కారులో రాగలవారు ముందుకు రావాలని దాని సారాంశం. జూన్ 10న పెకింగులోని ఫ్రెంచి రాయబార కార్యాలయం దగ్గర ఐదు బండ్లు నిలిచాయి. ఇటలీ దేశపు రాకుమారుడు షిపియోనె బోర్గీజె 'ఇటాలా' అనే పెద్ద కారుతో వచ్చాడు. అతని వెంట మెకానిక్కు ఎత్తోరె గుయిజార్ది, పత్రికా విలేఖరి లుయీజి బర్జీని ఉన్నారు. హాలెండులో తయారైన 'స్పైకర్' ఒకటి, ఫ్రాన్సువారి 'ద దియోన్ బూతోన్' బండ్లు రెండు, మూడు చక్రాల 'కోంతాల్' ఒకటి మిగిలినవి.

బోర్గీజె ముందుచూపు గల మనిషి. పందెం మొదలు కాకముందే తన కారు వెడల్పుకు సరిగ్గా కోసిన వెదురు కర్ర పట్టుకుని, గుర్రమెక్కి, పెకింగుకు ఉత్తరాన ఉన్న కొండదారులను కొలిచి వచ్చాడు. కర్ర పట్టని చోట కారు పట్టదు. అంతకన్న సులువైన సర్వే మరొకటి ఉండదు. అయినా ఆ కొండలలో ఇంజను పనికి రాలేదు. మొదటి రోజులలో బండ్లను తాళ్ళు కట్టి చైనా కూలీలూ కంచర గాడిదలూ లాగవలసి వచ్చింది. మోటారు మహిమను లోకానికి చాటడానికి పెట్టిన పందెం తొలి వారంలోనే కూలీల భుజాల మీదికి ఎక్కిందన్నమాట!

గోబీ ఎడారిలో ఇంధనం సమస్య. పెట్రోలు డబ్బాలను ఒంటెల బిడారుల మీద ముందుగానే పంపి మజిలీలలో ఉంచారు. ఒంటె లేకపోతే మోటారు లేదు. మూడు చక్రాల కోంతాల్ నడిపిన ఒగ్యుస్త్ పోన్స్ కు ఎడారి నడుమ పెట్రోలు అయిపోయింది. ఆ బండి అక్కడే పందెం నుండి తప్పుకుంది. నడిపినవారిని ఎడారి సంచార ప్రజలే ఆదుకున్నారు.

సైబీరియాలో బైకాల్ సరస్సు ప్రాంతంలో పాత కొయ్య వంతెన ఒకటి ఇటాలా బరువుకు కూలి, కారు వెనక్కి పల్టీ కొట్టినట్లు కిందికి జారింది. మనుషులు బతికి బయటపడ్డారు. రైలు మార్గం పనివారు వచ్చి దుంగలు, తాళ్ళు వేసి దానిని పైకెత్తారు. ఎత్తగానే ఇంజను తిరిగింది. రోడ్డు లేని చోట అనుమతి తీసుకుని ఏకంగా రైలు పట్టాల మీదుగానే, స్లీపర్ల మీద ఎగురుకుంటూ కొంత దూరం నడిపారు.

ఇవన్నీ ఒక ఎత్తు, చక్రం విరగడం ఒక ఎత్తు. ఆ కాలపు కారు చక్రానికి మన ఎడ్లబండి చక్రానికి ఉన్నట్లే కొయ్య ఆకులుండేవి. వేల మైళ్ళు ఎండలో, బురదలో, పట్టాల మీద కొట్టుకుని, ఉరల్ పర్వతాల దగ్గర పెర్మ్ పట్టణం చేరేనాటికి ఒక వెనక చక్రం ఆకులు కదిలి కిర్రుమనసాగాయి. కొయ్య ఉబ్బి బిగుస్తుందని దానిని నీళ్ళలో నానబెట్టి చూశారు. ఈ వైద్యం మన పాఠకులలో పల్లెటూళ్ళ నుండి వచ్చినవారికి కొత్త కాదు. ఎండాకాలంలో ఆకులు వదులైన బండిని చెరువులోకో కాలువలోకో దింపి చక్రాలు తడిసేదాకా ఉంచడం మన రైతులు ఎరిగినదే. రాకుమారుడి కారుకూ మన రైతు బండికీ ఒకే మందు పనిచేసిందంటే మాకు నవ్వూ వచ్చింది, గర్వమూ కలిగింది.

అయితే ఆ మందు ఎక్కువ కాలం నిలవలేదు. చక్రం పూర్తిగా చెడిపోయింది. కొత్త చక్రం కావాలంటే ఇటలీ నుండి రావాలి. అప్పుడు ఒక రష్యన్ పల్లెలో బండ్లు చేసే వడ్రంగి దొరికాడు. అతను జన్మలో మోటారు కారును బాగుచేసినవాడు కాదు. అతని ప్రధానమైన ఆయుధం గొడ్డలి. ఆ గొడ్డలితోనే కొత్త ఆకులు చెక్కి, చక్రానికి బిగించి, ముందుకు పొమ్మన్నాడు. బర్జీని ఈ ఘట్టాన్ని తన పుస్తకంలో వర్ణించాడు కాబట్టి మనకు తెలిసింది. ఆగస్టు 10న ఇటాలా పారిస్ చేరింది. దాదాపు 15,000 కిలోమీటర్ల దారి, సరిగ్గా రెండు నెలలు. స్పైకరూ ద దియోన్ లూ మరి 20 రోజుల తరువాత గాని రాలేదు. ఇటాలాను ఈనాటికీ టురిన్ నగరంలోని మోటారు ప్రదర్శనశాలలో చూడవచ్చును. బోర్గీజె పేరు చరిత్రలో నిలిచింది. వడ్రంగి చేసిన చక్రం మీదనే ఆ పేరు పారిస్ దాకా వెళ్ళిందని మరువరాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1907 కారులో సగం బండి పని, సగం కమ్మరి పని. కనుక ఏ పల్లెలో ఆగినా కొంతవరకు బాగుచేయగలవాడు ఉండేవాడు. యంత్రం నాజూకు అవుతున్నకొద్దీ దానిని బాగుచేయగల చేతులు దారిలో తగ్గుతూ వచ్చాయి. ఖండాంతర యాత్ర చేయదలచినవారికి ఈ చిక్కు ఎప్పుడూ తప్పలేదు.

తరువాతి 25 ఏళ్ళలో ఎందరో బయలుదేరారు. అందరినీ చెప్పుకుంటూ పోతే ఈ సంచిక చాలదు. మేజర్ కోర్ట్ ట్రీట్, ఆయన భార్య స్టెల్లా ఇంగ్లీషువారి క్రాస్లీ బండ్లు రెండింటితో 1924 సెప్టెంబరులో కేప్‌టౌన్ నుండి బయలుదేరి 1926 జనవరిలో కైరో చేరారు. పదహారు నెలలు. జర్మనీకి చెందిన క్లేరెనోర్ ష్టిన్నెస్ అనే యువతి 1927 మే నెలలో ఆడ్లర్ కారులో ప్రపంచయాత్రకు పూనుకుంది. వెంట వచ్చిన మెకానిక్కులు మధ్యలో విరమించుకున్నారు. స్వీడన్ ఛాయాగ్రాహకుడు కార్ల్ ఆక్సెల్ సోడర్‌స్ట్రోం ఒక్కడే చివరిదాకా నిలిచాడు. బైకాల్ సరస్సు గడ్డకట్టేదాకా వేచి ఉండి మంచు మీద కారు నడిపారు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలలో దారిని మందుపాతరలతో పగలగొట్టుకుంటూ పోయారు. 46,000 కిలోమీటర్లకు పైగా తిరిగి 1929 జూన్ లో బెర్లిన్ చేరి, ఆ తరువాత ఆ ఇద్దరూ వివాహం చేసుకున్నారు. రెండేళ్ళ పాటు ఒకే కారులో దెబ్బలు తిని కూడా పెళ్ళికి సిద్ధపడ్డారంటే ఆ జంటకు జాతకాలు చూడనక్కరలేదు. ఇదే కాలంలో, 1927-28లో, ఆస్ట్రేలియావాడైన ఫ్రాన్సిస్ బర్టిల్స్ బీన్ అనే కారులో లండన్ నుండి మెల్బోర్న్ చేరాడు. దారిలో నాగా కొండలూ బర్మా అడవులూ దాటాడు.

వీటన్నిటికంటె ఖర్చుతో కూడినది ఫ్రెంచి సిట్రోయెన్ కంపెనీ 1931లో జరిపిన యాత్ర. ముందు చక్రాలు, వెనక రబ్బరు పట్టాలు గల బండ్లవి. జార్జ్ మరీ హార్ట్ నాయకత్వాన ఒక జట్టు ఏప్రిల్ 4న బేరూతు నుండి బయలుదేరి కాబూలు మీదుగా శ్రీనగరం చేరింది. చైనా వైపు నుండి మరొక జట్టు ఎదురు రావాలని ఏర్పాటు. శ్రీనగరం నుండి గిల్గిత్ కు ఉన్నది కంచర గాడిదలు నడిచే కాలిబాట. రెండు బండ్లను మాత్రమే తీసుకుని ఆ బాటన ఎక్కారు. ఒకచోట బాట అంచు కూలి హార్ట్ బండి లోయ మీద వేలాడింది. బండి పట్టని చోట్ల దానిని విప్పి, ముక్కలను మోతగాళ్ళ వీపుల మీద ఎక్కించి, అవతల మళ్ళీ బిగించారు. ఇంతా చేసి గిల్గిత్ దాటాక బండ్లను వదలి గుర్రాలెక్కక తప్పలేదు. అటు చైనా జట్టును సింకియాంగు పాలకుడు నెలల తరబడి నిలిపివేశాడు. ఎట్టకేలకు రెండు జట్లూ కలిసి 1932 ఫిబ్రవరి 12న పెకింగు చేరాయి. మరుసటి నెలలోనే హార్ట్ హాంగ్‌కాంగ్ లో న్యుమోనియాతో మరణించాడు. మోటారు హిమాలయాలను జయించిందని పత్రికలు రాశాయి. మోతగాడు మోసిన మోటారు జయించినదెట్లా అని మాకు సందేహం.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత పరిస్థితి మారింది. అమెరికావారి జీపు యుద్ధంలో అన్ని ఖండాలూ తిరిగింది. మన దేశంలో తరువాతి కాలంలో బి.డి.ఓ. గారి జీపు అంటే తెలియని పల్లె లేదు. ఇంగ్లండులో రోవర్ కంపెనీ ఇంజనీరు మోరిస్ విల్క్స్ తన పొలంలో అలాంటి జీపు ఒకటి వాడుతుండేవాడు. దానిని చూసే లాండ్ రోవర్ ఆలోచన పుట్టింది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డాం ప్రదర్శనలో దానిని లోకానికి చూపారు. యుద్ధానంతరం ఉక్కుకు కరువు. అందుచేత పై తొడుగు అల్యూమినియం మిశ్రమంతో చేశారు. కరువు కొద్దీ చేసిన పని తుప్పు పట్టని పై తొడుగును ఇచ్చింది.

లాండ్ రోవర్ గొప్పతనం అది చెడిపోకపోవడంలో లేదు. బాగా చెడిపోయేది! వెనక ఇరుసు లోపలి కడ్డీలు విరగడంలో దానికి పెద్ద పేరు. దాని గొప్పతనం ఎక్కడుందంటే, చెడిన చోటు కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. వెనక కడ్డీ విరిగితే విరిగిన ముక్కలు బయటికి లాగేసి, నాలుగు చక్రాల గేరు వేసి, ముందు చక్రాల బలంతోనే తరువాతి ఊరు చేరవచ్చును. కమాను కట్ట విరిగితే దాని కింద కొయ్యముక్క పెట్టి తాడుతో బిగించి పోవచ్చును. పెట్రోలు టాంకి కారితే బట్టలసబ్బు ముద్ద మెత్తి ఆపేవారు. ఎండకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజను ఆగిపోతే గొట్టానికి తడిగుడ్డ చుట్టేవారు. ట్యూబులన్నీ అయిపోయినచోట టైరులో గడ్డి కూరి నడిపినవారూ ఉన్నారు. ఏరు దాటే ముందు ఒకరు దిగి నడిచి లోతు చూస్తారు, ఫాను నీళ్ళను ఇంజను మీదికి చిమ్మకుండా దాని బెల్టు తీసివేస్తారు, ఆ పైన నెమ్మదిగా, ఆగకుండా దాటిస్తారు. ఇసుకలో టైర్లలో గాలి తగ్గిస్తారు. ఇవేవీ కాలేజీలో నేర్చినవి కావు. మన బెజవాడ ఆటోనగర్ మేస్త్రీని అడిగితే ఇంకో పది చెబుతాడు. పానా, సుత్తి, జాకీ, తాడు, వీటికి తోడు బుర్ర, ఇంతే సామగ్రి.

ఇక 1955 సంగతి. అప్పటికి లండన్ నుండి కలకత్తా దాకా కారులో పోయినవారు కొందరుండేవారు. సింగపూరు దాకా పోవడం మాత్రం అందని పండుగానే ఉండేది. అడ్డు బర్మా. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల యువకులు ఆరుగురు, టిం స్లెసర్, ఏడ్రియన్ కౌవెల్, యాంటొనీ బారింగ్‌టన్ బ్రౌన్, హెన్రీ నాట్, పాట్ మర్ఫీ, నైజెల్ న్యూబెరీ, ఈ పనికి పూనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. కంపెనీల తలుపులు తట్టి బండ్లు రెండూ సామానూ సంపాదించారు. అప్పుడు బి.బి.సి.లో యువ నిర్మాతగా ఉన్న డేవిడ్ ఆటెన్‌బరో చలనచిత్రం తీయడానికి ఫిల్ము ఇచ్చాడు. ఒక లాండ్ రోవర్ ముదురు నీలం, పేరు 'ఆక్స్‌ఫర్డ్'. రెండవది లేత నీలం, పేరు 'కేంబ్రిడ్జి'. 1955 సెప్టెంబరు 1న, మనమంతా ఎరిగిన హైడ్ పార్క్ కార్నర్ నుండి బయలుదేరారు. యూరపు, టర్కీ, ఇరాక్, ఇరాన్, అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటి భారతదేశం చేరారు. కఠ్మాండూ కూడా చూసి వచ్చారు. అసలు పరీక్ష అస్సాములోని లెడో దగ్గర మొదలయింది.

లెడో దారి కథ కొంత వివరంగా చెప్పాలి. జపాను సేనలు బర్మాను ఆక్రమించి చైనాకు భూమార్గం మూసివేయడంతో, అమెరికా జనరల్ జోసెఫ్ స్టిల్‌వెల్ ఆధ్వర్యాన 1942 డిసెంబరులో లెడో నుండి పాంగ్సౌ కనుమ మీదుగా కొత్త రోడ్డు మొదలుపెట్టారు. కొండచరియలు, మలేరియా, కుంభవృష్టి. అమెరికా సైనికులలో అధికభాగం నల్లజాతివారు. వారి పక్కన భారతీయ కూలీలు వేల సంఖ్యలో పనిచేశారు. 1945 ఫిబ్రవరి 4న మొదటి లారీల వరుస కున్‌మింగ్ చేరింది. లెడో నుండి అక్కడికి 1,736 కిలోమీటర్లు. ఆ ఏడాదే యుద్ధం ముగిసింది. వెంటనే ఎవరికీ ఆ రోడ్డుతో పని లేకపోయింది. పది వానాకాలాలు గడిచాయి. వంతెనలు కొట్టుకుపోయాయి, కొండచరియలు విరిగిపడ్డాయి, వెదురు పొదలు కమ్ముకున్నాయి. ఆ దారిన మన ఆరుగురు వానలు లేని కాలం చూసుకుని దిగారు. వంతెన లేని ఏళ్ళను నీటిలోనే దాటించారు. బురదలో దిగబడితే ఒక బండి రెండవ దానిని లాగింది. రెండు బండ్లు తీసుకుపోవడంలోని తెలివి అదే. బర్మా దాటి, థాయిలాండు, మలయా మీదుగా 1956 మార్చి 6న సింగపూరు చేరారు. ఆరు నెలల ఆరు రోజులు. మరుసటి ఏడాది స్లెసర్ రాసిన పుస్తకం ఇంగ్లీషులో 'ఫస్ట్ ఓవర్‌లాండ్' అనే పేరుతో వెలువడి ఎంతో ప్రసిద్ధి పొందింది.

'ఫస్ట్' అనే ఆ మాట దగ్గరే మేము ఆగవలసి వచ్చింది. మోటారు బండికి సంబంధించినంతవరకు లండన్ నుండి సింగపూరుకు వారి ఘనత వారిదే, కాదనము. కానీ ఆ కొండలను అంతకు 14 ఏళ్ళ ముందు నడిచి దాటినవారున్నారు. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో నగరం జపానువారి వశమైంది. రేవులలో, బియ్యపు మిల్లులలో, రిక్షాలు లాగే పనిలో ఉన్న మన తెలుగువారు ఆ నగరంలో వేల సంఖ్యలో ఉండేవారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుండి ఓడలెక్కినవారు కాబట్టి అక్కడ వారిని 'కోరంగీలు' అనేవారు. ఓడలు లేవు, ఉన్నా టిక్కెట్టు కొనే తాహతు లేదు. పిల్లలను చంకనెత్తుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని నడిచారు. అరకాను వైపు ఒక దారి, తమూ నుండి ఇంఫాలుకు ఒక దారి, హుకాంగ్ లోయ నుండి పాంగ్సౌ కనుమ మీదుగా లెడోకు ఒక దారి. ఈ దారులలో లక్షల మంది భారతీయులు నడిచారు. వారిలో మన కోస్తా జిల్లాలవారు ఎందరో. హుకాంగ్ దారిలో వానలు ముంచుకొచ్చిన తరువాత ఆకలికి, జ్వరాలకు వేలమంది రాలిపోయారు. స్టిల్‌వెల్ రోడ్డు వేసినది ఈ కాందిశీకులు నడిచిన జాడల వెంబడే. వారికి స్టెప్నీ లేదు, జాకీ లేదు. కాలు విరిగితే అక్కడే ఆగిపోవడం. బతికి బర్మాలో మళ్ళీ స్థిరపడిన కుటుంబాలు కూడా 1960లలో మరొకసారి తిరిగి రావలసి వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు విన్న మన పాఠకులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. తమ ఇళ్ళలో ఆ నడక జ్ఞాపకాలు తాతలు చెప్పగా విన్నవారు ఎవరైనా ఉంటే రాసి భద్రపరచవలసిందిగా కోరుతున్నాము. స్లెసర్ కు పుస్తకం ఉంది, వారికి లేదు.

సింగపూరు యాత్ర జరిగిన మరుసటి ఏడాది, 1957 ఏప్రిల్ 15న, లండన్ నుండి కలకత్తాకు 'ఇండియామాన్' అనే బస్సు బయలుదేరి జూన్ 5న గమ్యం చేరింది. టిక్కెట్టు 85 పౌండ్లు. 1960లు, 1970లలో ఆ దారిన బస్సులు, వానులు, పాత కార్లు వేల సంఖ్యలో నడిచాయి. ఇంగ్లండులో కారు కొని దానిలోనే స్వదేశం చేరిన భారతీయులూ ఉన్నారు. టర్కీలో, ఇరాన్ లో, అఫ్ఘనిస్తాన్ లో దారి పక్కన వెల్డింగు కొట్లు వెలిశాయి. ఏ దేశపు బండి వచ్చినా అక్కడి మేస్త్రీలు ఏదో ఒకటి చేసి పంపేవారు. భాష రాకపోయినా విరిగిన సామాను చేతిలో పెడితే చాలును. ఆ దారిని మూసినది బండి జబ్బు కాదు. 1979 ఫిబ్రవరిలో ఇరాన్ విప్లవం నెగ్గింది. ఆ డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘనిస్తాన్ లో ప్రవేశించాయి. ఆ పాత దారి మళ్ళీ మునుపటిలా నడవలేదు.

రెండు లాండ్ రోవర్లు ఏమయ్యాయో చెప్పి ముగిస్తాము. 'కేంబ్రిడ్జి' తరువాతి యాత్ర ఒకదానిలో ఇరాన్ లో లోయలో పడిపోయింది. 'ఆక్స్‌ఫర్డ్' అట్లాంటిక్ మహాసముద్రంలోని అసెన్షన్ దీవికి, అక్కడి నుండి సెయింట్ హెలీనాకు చేరి, దశాబ్దాల పాటు ఎండకూ వానకూ పడి ఉంది. అభిమానులు దానిని ఇంగ్లండు తెచ్చి బాగుచేశారు. 2019 ఆగస్టు 25న అదే బండి సింగపూరు నుండి లండన్ కు తిరుగు ప్రయాణం కట్టింది. 87 ఏళ్ళ స్లెసర్ తానూ వస్తానని సింగపూరు దాకా వచ్చి జబ్బుపడ్డాడు. ఆయన చోట మనుమడు ఎక్కాడు. ఈసారి అఫ్ఘనిస్తాన్ దారి లేదు గనుక నేపాలు, టిబెట్టు, మధ్య ఆసియా మీదుగా వచ్చి, డిసెంబరు 14న లండన్ చేరారు. మరి రెండేళ్ళు తిరగకుండానే, 2021 ఫిబ్రవరిలో, మయన్మారులో సైన్యం అధికారం చేజిక్కించుకుంది.